పిల్లలు ఏదైనా మింగితే: ఎండోస్కోపీ గదికి చేరేలోగా

నేను ఎండోస్కోపీ గదిలో నర్సును, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నోటి గుండా లోపలికి పంపి చూసే గదిలో. బిడ్డను భుజాన వేసుకొని పరుగెత్తుకొచ్చే తల్లిని నేను ముందు అడిగేది ఒకటే: ఏమి మింగాడు, ఎప్పుడు మింగాడు? ఎంత తొందరపడాలో తేల్చేది ఆ జవాబే. అదే రకం వస్తువు ఇంట్లో ఇంకొకటి ఉన్నా, అది వచ్చిన అట్ట ఉన్నా వెంట తీసుకురండి. ఏ పరికరంతో పట్టాలో డాక్టరుగారు ముందే నిర్ణయించుకుంటారు. ఊపిరి ఆడకపోతే మాత్రం క్షణం ఆలోచించకుండా 108కి ఫోను చేయండి.

అన్నిటికన్నా నాకు భయం బటన్ సెల్, అంటే బిళ్లలా ఉండే చిన్న బ్యాటరీ. రిమోట్లలో, కారు తాళాలలో ఉండే 20 మిల్లీమీటర్ల లిథియం సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే, తడి తగిలి కరెంటు పారుతుంది, అక్కడ క్షారం పుడుతుంది. రెండు గంటల్లోనే లోపలి గోడ కాలవచ్చు. వాడి పారేసిన సెల్ అయినా కాలుస్తుంది. ఎక్స్‌రేలో రూపాయి బిళ్లలాగే గుండ్రంగా ఉన్నా, అంచు లోపల రెండో వలయం కనిపిస్తే అది సెల్. బిడ్డ హాయిగా ఆడుకుంటున్నా బయలుదేరండి. బిడ్డకు ఏడాది నిండి ఉండి, సెల్ మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకొకసారి రెండు చిన్న చెంచాల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె వెతకడానికి ఆగవద్దు.

ఆ తేనె తప్ప నోట్లో ఇంకేమీ పెట్టకండి. గొంతులో చేప ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద, అరటిపండు మింగించడం మన ఇళ్లలో అలవాటు. దయచేసి మానండి. ముల్లు ఇంకా లోతుకు దిగవచ్చు. మత్తిచ్చినప్పుడు కడుపులోని తిండి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. చేప ముల్లు చాలాసార్లు ఎక్స్‌రేలో కనిపించదు కాబట్టి, ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ రండి.

కడుపులోకి దిగిన నాణెం సాధారణంగా విరేచనంలో పోతుంది. అన్నవాహికలో ఆగి చొంగ కారుతుంటే వెంటనే తీయాలి. రెండు అయస్కాంతాలు మింగితే పేగు గోడల మధ్య ఒకదాన్నొకటి లాక్కొని రంధ్రం చేస్తాయి, వాటికీ ఆలస్యం పనికిరాదు.

మా గదిలో పిల్లలకు పూర్తి మత్తిచ్చి, ఊపిరికి గొట్టం వేస్తారు. నాణేన్ని చిన్న వలలోనో పట్టుకారుతోనో పట్టి తీస్తారు. తెరుచుకున్న పిన్నీసునైతే మొన వెనుక ఉండేలా తిప్పి లాగుతారు, లేకపోతే వచ్చే దారంతా చీరుతుంది.

సెల్ తీశాక డాక్టరుగారు పుండు లోతు చూస్తారు. ఇంటికి వెళ్లిన కొన్ని వారాలకైనా రక్తపు వాంతి, నల్లటి విరేచనం కనిపిస్తే, ఎంత కొద్దిగా అయినా సరే, ఆ క్షణమే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి సెల్ మింగిన సంగతి మొదటే చెప్పండి.