టీపీఎస్ మార్చే ముందు మీటర్ పెట్టి చూడండి
యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కగానే కారు జర్క్ ఇస్తుంటే, కొత్త థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ (టీపీఎస్, అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పేది) కొనేముందు మల్టీమీటర్ పెట్టండి. ఇగ్నిషన్ ఆన్, ఇంజిన్ ఆఫ్. మూడు వైర్ల సెన్సర్లో ఒకటి 5 వోల్టులు, ఒకటి గ్రౌండ్, మూడోది సిగ్నల్. కనెక్టర్ ఊడదీయకుండా వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి చూడాలి. 5 వోల్టులే రాకపోతే సెన్సర్‌ని అనకండి, వైరింగ్ చూడండి.

సిగ్నల్ వైరులో థ్రాటిల్ మూసినప్పుడు సుమారు 0.5 వోల్టులు, పూర్తిగా తెరిస్తే 4.5 దాకా, ఎక్కడా తెగకుండా పెరగాలి. థ్రాటిల్ చాలా నెమ్మదిగా తిప్పండి. ఐడిల్‌కి కాస్త పైనే సెన్సర్ లోపలి ట్రాక్ ఎక్కువ అరుగుతుంది. అరిగితే అక్కడ రీడింగ్ చటుక్కున పడి లేస్తుంది. డిజిటల్ కంటే ముల్లు మీటర్లో ఇది బాగా దొరుకుతుంది.

ఇదంతా పెడల్ నుంచి కేబుల్‌తో లాగే థ్రాటిల్‌కే. ఎలక్ట్రానిక్‌దైతే ఇగ్నిషన్ ఆన్‌లో వేలు పెట్టకండి, థ్రాటిల్ ప్లేటు టప్పున మూసుకుంటుంది.