పాత కార్బొరేటర్ కారుకు ఫుల్ యాక్సిలరేటర్ మిక్స్చర్ (గాలి, పెట్రోలు పాళ్లు) ఎలా సెట్ చేయాలి?

విజయనగరం నుంచి ఎస్.కోట మీదుగా అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ ఎక్కితే చాలు, మా నాన్నగారి పద్మిని కారు బాధ బయటపడేది. సగం పెడల్ మీద హాయిగా లాగే బండి, పూర్తిగా తొక్కేసరికి డబ్బాలో గోలీలు వేసి ఊపినట్టు నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండితే ఇంజిన్‌లో వచ్చే చప్పుడు) చేసేది. ఓ మెకానిక్‌కి చూపిస్తే కార్బొరేటర్ పక్కనున్న స్క్రూ కాస్త తిప్పి, "అయిపోనాది బావూ, పట్టికెళ్లిపో" అన్నాడు. అది ఐడ్లింగ్ స్క్రూ. ఫుల్ యాక్సిలరేటర్‌లో పెట్రోలు వచ్చే దారి అది కాదు, మెయిన్ జెట్, అంటే కార్బొరేటర్ లోపల పెట్రోలును కొలిచి వదిలే చిల్లున్న చిన్న ఇత్తడి ముక్క.

మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం 12.5 నుంచి 13 దాకా, అంటే కాస్త రిచ్‌గా (పెట్రోలు పాలు ఎక్కువగా) ఉంటేనే బలం వస్తుంది, పిస్టన్ కూడా చల్లగా ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి 14.7 బదులు సుమారు 13.5 చాలు. జెట్ చిల్లు అదే, పెట్రోలే మారింది. అందుకే ఒకప్పుడు సరిపోయిన జెట్ ఇప్పుడు లీన్ (పెట్రోలు పాలు తక్కువ) అవుతోంది.

జెట్ ముట్టుకునే ముందు ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఎవరినైనా పెడల్ పూర్తిగా తొక్కమనండి. పైనుంచి చూస్తే లోపలి బటర్‌ఫ్లై (గాలి దారిని తెరిచే రేకు) నిలువుగా నిలబడాలి. ఏటవాలుగా ఉందంటే ముందు పెడల్‌ని దానికి కలిపే లింకేజీ సరిచేయాలి. కింద మ్యాట్ అడ్డుపడుతుందేమో కూడా చూడండి. తర్వాత టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం), ఫ్లోట్ లెవెల్ (కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం), పెట్రోలు ఫిల్టర్ చూసుకోవాలి. మిక్స్చర్ కొలవడానికి సైలెన్సర్ పైపులో పెట్టే సెన్సర్‌కి ముందు పైపు లీకైతే, లీన్ కాకపోయినా మీటరు లీన్ అనే చూపిస్తుంది.

మీటరు అంటే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌తో వచ్చేదే కొనండి. మామూలు సెన్సర్ రిచ్ అనో లీన్ అనో చెబుతుంది తప్ప ఎంతో చెప్పదు. ఎగ్జాస్ట్ పైపుకి నట్టు వెల్డింగ్ చేయించేటప్పుడు సెన్సర్ తల అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి ఉండాలి, లేకపోతే పైపులో చేరే నీటికి పాడైపోతుంది. మీటరును లాంబ్డాలో పెట్టుకోండి, అంటే లోపలికి వచ్చిన గాలిని, పెట్రోలు పూర్తిగా మండటానికి కావాల్సిన గాలితో భాగించిన లెక్క. ఏ పెట్రోలైనా 0.85 నుంచి 0.88 మధ్య ఉండాలన్నదే మన లెక్క.

పరీక్షకు ఇద్దరు కావాలి, ఒకరు స్టీరింగ్ దగ్గర, ఒకరు మీటరు మీద. తెల్లవారాక ఖాళీగా ఉండే, కొంచెం ఎత్తెక్కే తిన్నని దారి చూసుకోండి. ఘాట్ మలుపుల్లో ఈ పని వద్దే వద్దు. ఇంజిన్ వేడెక్కాక సెకండ్ గేరులో కొద్దిసేపు పూర్తిగా తొక్కితే చాలు. నాకింగ్ వినిపించినా, లాంబ్డా 0.95 దాటినా వెంటనే కాలు తీసేయండి.

మా బండి 0.94 చూపించింది, ఫుల్ యాక్సిలరేటర్‌కి అది లీనే. సోలెక్స్ (కార్బొరేటర్ కంపెనీ) జెట్ మీద 120 అని ఉంటే చిల్లు 1.20 మి.మీ. 125 వేస్తే చిల్లు వైశాల్యం సుమారు 8.5 శాతం పెరుగుతుంది, 0.94 కాస్తా 0.87 దగ్గరికి వస్తుంది. మాకు ఆ ఒక్క మార్పే సరిపోయింది. ఎంత వేయాలో తేలకపోతే పెద్ద జెట్‌తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి. రిచ్ అయితే నల్ల పొగ, మందకొడితనం. లీన్ అయితే పిస్టనే పోవచ్చు. జెట్‌లో తీగ మాత్రం దూర్చకండి, ఇత్తడి మెత్తన, చిల్లు పెద్దదైపోతుంది.

మొదట బాగుండి, నాలుగు సెకన్లకి లీన్ అయిపోతుంటే జెట్లు మార్చి లాభం లేదు. ఫ్లోట్ గిన్నె ఖాళీ అవుతోంది, పెట్రోలు పంపు చూడాలి.

తర్వాత కొత్త ప్లగ్గులు వేసి, మళ్లీ రెండు మూడుసార్లు తోలి, విప్పి భూతద్దంలో చూడండి. తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు కనిపిస్తే నాకింగ్ ఇంకా పోలేదు. అందులో మెరిసేవి ఉంటే అవి పిస్టన్ నుంచి వచ్చిన అల్యూమినియం. ఆ బండిని ఇక తోలకండి, టైమింగ్ తగ్గించి (నిప్పు కాస్త ఆలస్యంగా పడేలా చేసి) మళ్లీ మొదలుపెట్టాలి.

మే మధ్యాహ్నం సెట్ చేసిన జెట్ డిసెంబరు తెల్లవారుజామున లీన్ అవుతుంది, చల్లగాలి చిక్కన కదా. అరకులో సెట్ చేసుకుని కిందికి దిగినా అంతే. కాబట్టి విజయనగరంలోనే, చలికాలం పొద్దున్న ఒకసారి మీటరు చూసుకోండి. పాత జెట్‌ని కాగితంలో చుట్టి, నంబరు రాసి డాష్‌బోర్డులో పడేయండి.