టెక్లా నేర్చుకుందాం, 4వ పాఠం: బీమ్ కొస మీరు కోయొద్దు

టెక్లా అంటే ఉక్కు కట్టడాలను కంప్యూటర్‌లో త్రీడీ మోడల్‌గా కట్టే సాఫ్ట్‌వేర్. పోయిన పాఠంలో రెండు కాలమ్‌లు నిలబెట్టి ఆపేశాం. ఎ-1 గ్రిడ్ మీద ఒకటి, బి-1 మీద ఒకటి, మధ్యలో సరిగ్గా 20 అడుగులు. రెండూ డబ్ల్యూ10×33. అంటే లోతు సుమారు 10 అంగుళాలు, బరువు అడుగుకు 33 పౌండ్లు. ఆ మోడల్ తెరవండి. ఈ రోజు ఆ రెంటి మధ్య డబ్ల్యూ16×26 బీమ్ ఒకటి వేసి, రెండు కొసల్లోనూ షియర్ ట్యాబ్ (కాలమ్‌కు వెల్డ్ చేసి, బీమ్‌కు బోల్ట్‌లు వేసే ప్లేట్) పెడతాం. చూడ్డానికి పది నిమిషాల పని. కానీ డీటెయిలింగ్‌లోకి, అంటే ఉక్కు ముక్కలకు మోడల్, డ్రాయింగ్‌లు తయారుచేసే పనిలోకి, కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా చెయ్యి కాల్చుకునేది ఇక్కడే. నేనూ కాల్చుకున్నాను. అందుకే పాఠమంతా ఈ ఒక్క బీమ్‌కే ఇస్తున్నా.

అంగుళాలు, అడుగులు ఎందుకని మళ్లీ అడిగేవాళ్లకు: హైదరాబాద్‌లో డీటెయిలింగ్ ఆఫీసులో చేరితే చేతికొచ్చే పనిలో చాలా భాగం అమెరికా ఫ్యాబ్రికేటర్లదే (ఉక్కును కోసి, వెల్డ్ చేసి ఇచ్చేవాళ్లు; వాళ్ల వర్క్‌షాప్‌నే షాప్ అంటాం). మిల్లీమీటర్లు మనకు ఎలాగూ వచ్చు. పదహారో వంతులు అలవాటు కావడానికే కొంచెం సమయం పడుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక్కసారి ప్లాన్ వ్యూలో చూడండి. రెండు కాలమ్‌ల వెబ్‌లూ (మధ్య పలకలు) 1వ గ్రిడ్ గీత వెంట ఉండాలి. అప్పుడే ఫ్లాంజ్‌లు (వెబ్‌కు రెండు అంచుల్లో ఉండే అడ్డ పలకలు) ఒకదాన్నొకటి చూస్తుంటాయి. అడ్డంగా తిరిగి ఉంటే రొటేషన్ మార్చుకోండి.

ఎక్కడ క్లిక్ చేయాలి

బీమ్ కమాండ్ తీసుకుని ముందు ఎ-1 దగ్గర, తర్వాత బి-1 దగ్గర క్లిక్ చేయండి. ఎ-1 అంటే గ్రిడ్ గీతలు కలిసే బిందువు, అంటే కాలమ్ నడిమధ్య. కాలమ్ ఫ్లాంజ్ ముఖం మీద కాదు. స్నాప్ స్విచ్‌లు అన్నీ వేసి ఉంటే మౌస్ తనంతట తానే ఫ్లాంజ్ అంచుకు అతుక్కుంటుంది, కాబట్టి అక్కర్లేనివి ఆపేయండి. క్లిక్ చేశాక బీమ్‌ని సెలెక్ట్ చేసి చూస్తే మొదలు దగ్గర పసుపు హ్యాండిల్, చివర మెజెంటా హ్యాండిల్ కనిపిస్తాయి. రెండూ గ్రిడ్ బిందువుల మీదే ఉండాలి. అనుమానంగా ఉంటే దగ్గరికి జూమ్ చేసి చూడండి. దూరం నుంచి అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి.

పొజిషన్‌లో అడ్డంగా మిడిల్, లోతుకు బిహైండ్ పెట్టండి. అప్పుడు మీరు క్లిక్ చేసిన ఎత్తు బీమ్ పై ముఖం అవుతుంది. డ్రాయింగ్‌లో ఇంజనీరు ఇచ్చే టాప్ ఆఫ్ స్టీల్ కొలత కూడా అదే. లోతుకు కూడా మిడిల్‌గానే ఉంచేస్తే బీమ్ సగం పైకి లేచి కూర్చుంటుంది.

ఎ నుంచి బి కే ఎందుకు, బి నుంచి ఎ కి వేస్తే ఏం? మోడల్‌లో తేడా కనపడదు. కానీ ఎడమ నుంచి కుడికి, కింద నుంచి పైకి అనే వరస ఆఫీసంతా ఒకటే పాటిస్తే డ్రాయింగ్‌లలో బీమ్‌లన్నీ ఒకే దిక్కు చూస్తాయి. షాప్‌లో మార్క్ వేసే కొస, సైట్‌లో ఎరెక్షన్ డ్రాయింగ్ చూపే కొస ఒకటే అవుతాయి. ఇంతకంటే దీని గురించి చర్చ అనవసరం, అలవాటు చేసుకోండి.

ఇప్పుడు తెర మీద బీమ్ కాలమ్ పొట్టలోకి దూరి ఉంటుంది. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది, వెంటనే సరిచేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి.

కనెక్షన్ పెట్టడం

కాంపోనెంట్ కేటలాగ్‌లో (టెక్లాలో సిద్ధంగా ఉన్న కనెక్షన్ల జాబితా) 146 అని వెతకండి. షియర్ ప్లేట్ సింపుల్ వస్తుంది, మన షియర్ ట్యాబ్ ఇదే. ముందు కాలమ్ క్లిక్ చేయండి, తర్వాత బీమ్. ప్లేట్ దేనికి వెల్డ్ అవుతుందో అది మెయిన్ పార్ట్, కాబట్టి అదే ముందు. ఈ వరస తిరగేస్తే కనెక్షన్ తలకిందులవుతుంది, లేదా అసలు పుట్టదు.

విలువలు ఇవి. బీమ్ కొసకూ కాలమ్ ముఖానికీ మధ్య ఖాళీ ½ అంగుళం. బోల్ట్‌లు ¾ అంగుళానివి మూడు, నిలువుగా 3 అంగుళాల దూరంలో. బోల్ట్ వరుస కాలమ్ ముఖం నుంచి 3 అంగుళాలు, పై బోల్ట్ టాప్ ఆఫ్ స్టీల్ నుంచి 3 అంగుళాలు కిందికి. ప్లేట్ మందం ⅜, అంచు దూరం చుట్టూ 1½. అంటే ప్లేట్ వెడల్పు 3 కి 1½ కలిపి 4½, పొడవు రెండు పిచ్‌లు (బోల్ట్‌ల మధ్య దూరాలు) 6 కి రెండు అంచులు 3 కలిపి 9. ఇవన్నీ అమెరికా షాపుల్లో రోజూ కనిపించే అంకెలే, కానీ మీ జాబ్‌లో ఇంజనీరు ఏమిచ్చాడో అదే పెట్టాలి.

కాలమ్‌కూ బీమ్‌కూ మధ్య చిన్న కోన్ గుర్తు వస్తుంది. ఆకుపచ్చ అయితే కనెక్షన్ పడింది. పసుపు అయితే పడింది గానీ ఏదో తేడా ఉంది, చాలాసార్లు బోల్ట్ అంచు దూరం చాలకపోవడమే. ఎరుపు అయితే పడలేదు. అదే పని బి-1 దగ్గర కూడా చేయండి.

ఇప్పుడు బీమ్ మీద ఇంక్వైర్ కొట్టి పొడవు చూడండి. అంతకంటే ముందు కాగితం మీద మీరే లెక్క కట్టండి. ఈ అలవాటు వదలకండి, మీ పని సరిచూసే చెకర్ దగ్గర మీ పరువు కాపాడేది ఇదే. డబ్ల్యూ10×33 అసలు లోతు 9.73 అంగుళాలు, డీటెయిలింగ్‌కు 9¾ తీసుకుంటాం. సగం 4⅞. దానికి ½ ఖాళీ కలిపితే ఒక్కో కొసలో 5⅜. రెండు కొసలకు 10¾. 20 అడుగుల్లోంచి అది తీసేస్తే 19 అడుగుల 1¼ అంగుళాలు. టెక్లా చెప్పింది కూడా అదేనా? అయితే ముందుకు పోదాం.

హ్యాండిల్స్ ఇంకా గ్రిడ్ మీదే ఉన్నాయని గమనించారా? బీమ్ కొస కోసింది మీరు కాదు, కనెక్షన్. ఎంత కోయాలో అది కాలమ్‌ని అడిగి తెలుసుకుంది. కాలమ్ మారితే మళ్లీ అడుగుతుంది.

నా ⅛ అంగుళం కథ

చేరిన మొదటి ఏడాది నాకు కాంపోనెంట్ డైలాగ్ అంటే భయం. అన్ని గళ్లు, అన్ని పేజీలు. దాని బదులు బీమ్ కొసను ఫిట్టింగ్ అనే కమాండ్‌తో నేనే కోసి, ప్లేట్ చేత్తో గీసి, బోల్ట్‌లు చేత్తో పెట్టేవాణ్ని. వేగంగా అయిపోయేది. మా లీడ్ ఒకాయన, ఇప్పటికీ టెక్లాను పాత పేరుతో ఎక్స్‌స్టీల్ అనే పిలిచే మనిషి, ఒకసారి నా మోడల్ చూసి "ఇది బొమ్మ బాబూ, మోడల్ కాదు" అన్నాడు. నాకు అర్థం కాలేదు.

తర్వాత రివిజన్, అంటే డిజైన్‌లో మార్పు, వచ్చింది. ఒక వరుస కాలమ్‌లు డబ్ల్యూ10×33 నుంచి డబ్ల్యూ10×49 అయ్యాయి. లోతు 9.73 నుంచి 9.98. పావు అంగుళం తేడా, ఒక్కో ముఖం ⅛ చొప్పున ముందుకొచ్చింది. నేను కాలమ్‌లన్నీ సెలెక్ట్ చేసి ప్రొఫైల్ మార్చి మాడిఫై కొట్టాను. నిమిషంలో అయిపోయిందని సంబరపడ్డాను కూడా.

నా చేతి ప్లేట్లకు కాలమ్ మారిన సంగతి ఎవరు చెప్తారు? అవి పాత చోటే ఉన్నాయి, కొత్త ఫ్లాంజ్‌లోకి ⅛ అంగుళం దిగబడి. ఒకదాంట్లోకి ఒకటి దూరిన ముక్కలను చూపే క్లాష్ చెక్ జాబితాలో అవి ఉన్నాయి. వెల్డ్ అయ్యే ప్లేట్ కాలమ్‌ని తాకక ఏం చేస్తుందిలే అని దాటేశాను.

షాప్‌లో ఏం జరిగిందో ఊహించండి. ప్లేట్ డ్రాయింగ్‌లో వెడల్పు 4½. వెల్డర్ దాన్ని అసలు ఫ్లాంజ్ ముఖానికి ఆనించి వెల్డ్ చేశాడు. ఇనుములోకి దింపలేడు కదా. దాంతో ప్లేట్ రంధ్రాలు ⅛ అంగుళం బయటికి వచ్చాయి. బీమ్ రంధ్రాలు మాత్రం పాత లెక్కలోనే ఉన్నాయి.

సైట్‌లో బీమ్ హాయిగా మధ్యలోకి దిగింది, ½ ఉండాల్సిన ఖాళీ ⅜ అయింది అంతే. దిగనిది బోల్ట్. ¾ బోల్ట్‌కు మామూలు రంధ్రం 13/16. రెండు రంధ్రాలూ కలిసి ఇచ్చే వెసులుబాటు 1/16 అంగుళం. మా తేడా దానికి రెట్టింపు. ఒక పక్కకు జరిపితే ఆ పక్క సరిపోతుంది, రెండో పక్క తేడా పావు అంగుళం అవుతుంది. ప్లేట్‌లో షార్ట్ స్లాట్ ఉండి ఉంటే, అంటే 13/16 బై 1 అంగుళం పొడవాటి రంధ్రం, గట్టెక్కేవాళ్లం. ఆ జాబ్‌లో స్లాట్‌లు లేవు. బ్యాక్‌చార్జ్ (మన తప్పు సరిచేసిన ఖర్చు మన మీదే వేయడం) ఎంత పడిందో నాకు చెప్పలేదు. లీడ్ కూడా ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది.

146 తో పని చేసేటప్పుడు

డైలాగ్‌లో విలువ మార్చి ఓకే కొడితే, ఇప్పటికే పెట్టిన కనెక్షన్ మారదు. ఇక మీదట పెట్టబోయే వాటికే ఆ విలువ. ఉన్నదాన్ని మార్చాలంటే దాన్ని సెలెక్ట్ చేసి మాడిఫై కొట్టాలి. కొత్తలో అందరూ "మార్చాను సార్, మారట్లేదు" అని వచ్చేది ఇందుకే.

దీనికంటే ప్రమాదకరమైంది గడుల పక్కనుండే టిక్‌లు. టిక్ ఉన్న ప్రతి విలువా మాడిఫైతో పాటు వెళ్తుంది. నలభై కనెక్షన్లు సెలెక్ట్ చేసి, ప్లేట్ మందం ఒక్కటి మారుద్దామని మాడిఫై కొడితే, వాటిలో నాలుగు బోల్ట్‌లు, అయిదు బోల్ట్‌లు ఉన్నవి కూడా మూడు బోల్ట్‌లవి అయిపోతాయి. ముందు టిక్‌లన్నీ ఒకేసారి తీసే బటన్ నొక్కండి, తర్వాత కావలసిన గడికి మాత్రమే టిక్ పెట్టండి. 2018 వెర్షన్ నుంచి బీమ్, కాలమ్‌ల వివరాలు పక్కన ప్రాపర్టీ పేన్‌లో వస్తున్నాయి, అక్కడ ఈ టిక్‌ల బెడద తగ్గింది. కాంపోనెంట్‌లకు మాత్రం పాత డైలాగే.

ప్లేట్‌ని క్లిక్ చేస్తే మొత్తం కనెక్షన్ సెలెక్ట్ అవుతోందా, ప్లేట్ ఒక్కటేనా? కింద సెలెక్షన్ స్విచ్‌లలో కాంపోనెంట్‌లకు ఒకటి, కాంపోనెంట్ లోపలి వస్తువులకు ఒకటి ఉంటాయి. ప్లేట్ కొలతలు చూడాలంటే రెండోది. డిలీట్ చేసేటప్పుడు మొదటిది, లేకపోతే ప్లేట్ పోయి బోల్ట్‌లు గాల్లో మిగులుతాయి.

ఎక్స్‌ప్లోడ్ అనే కమాండ్ ఒకటి ఉంది. కనెక్షన్‌ని విడదీసి మామూలు ప్లేట్లు, బోల్ట్‌లుగా మార్చేస్తుంది. కాంపోనెంట్‌తో ఏ రకంగానూ రాని వింత కనెక్షన్లు వస్తాయి, అప్పుడు తప్పదు. కానీ ఒకసారి ఎక్స్‌ప్లోడ్ చేశాక అది నేను చేత్తో గీసిన ప్లేట్‌తో సమానం. కాలమ్ మారితే దానికి తెలియదు. రివిజన్లు ఆగిపోయాయని గట్టిగా తెలిసేదాకా దాని జోలికి పోకండి. రివిజన్లు ఆగిపోయిన జాబ్‌ని నేనింకా చూడలేదనుకోండి.

ఇంటి పని

మొదటిది తేలిక. రెండు కాలమ్‌లనూ డబ్ల్యూ10×49 చేయండి. కనెక్షన్లు వాటంతట అవే సర్దుకుంటాయి. పొడవు 19 అడుగుల 1 అంగుళం రావాలి. తర్వాత కాలమ్‌లు మళ్లీ పాతవే చేసి, ఎ-1 దగ్గర కనెక్షన్‌ని ఎక్స్‌ప్లోడ్ చేసి, మళ్లీ డబ్ల్యూ10×49 కి మార్చండి. ఎ-1 దగ్గర బాగా జూమ్ చేసి ప్లేట్ ఎక్కడ ఆగిపోయిందో మీ కళ్లతో చూడండి.

రెండోదానికి ముందు ఎక్స్‌ప్లోడ్ చేసిన ముక్కలన్నీ తీసేసి, బీమ్ కొసలో మిగిలిన కోత కూడా తీసేసి, ఎ-1 దగ్గర 146 మళ్లీ పెట్టుకోండి. కాలమ్‌లు డబ్ల్యూ10×33. ఇప్పుడు బి-1 కాలమ్‌ని 90 డిగ్రీలు తిప్పండి. ఆ కొస ఇప్పుడు వెబ్‌కు వెళ్తుంది. వెబ్ మందం 0.29 అంగుళాలు. పొడవు ముందు కాగితం మీద లెక్క కట్టండి, 19 అడుగుల 6 అంగుళాల దగ్గర వస్తుంది. 146 అవే విలువలతో మళ్లీ పెట్టండి.

ఫ్లాంజ్‌ల మధ్య ఖాళీ 8⅞ దాకా ఉంది, బీమ్ ఫ్లాంజ్ 5½ కాబట్టి పట్టేస్తుంది. అంచు దూరాలన్నీ ఇందాకటివే, కోన్ ఆకుపచ్చగానే ఉండాలి. అయితే ఈ కాలమ్ ఫ్లాంజ్ వెబ్ నుంచి దాదాపు 3⅞ అంగుళాలు బయటికి ఉంటుంది. మీ బోల్ట్ వరుస 3 దగ్గరుంది, అంటే ఫ్లాంజ్‌ల లోపలే. బోల్ట్ బిగించే మనిషి రెంచ్ ఏ పక్క నుంచి పెడతాడు? వరుసను బయటికి జరుపుదామంటే, వెల్డ్‌కూ బోల్ట్ వరుసకూ మధ్య 3½ అంగుళాలు దాటగానే అది మామూలు షియర్ ట్యాబ్ కాదు, ఎక్స్‌టెండెడ్ ట్యాబ్ అవుతుంది. దాని లెక్క వేరు, నిర్ణయం ఇంజనీరుది. ఆయనకు పంపాల్సిన ఆర్.ఎఫ్.ఐ. ని (వివరణ కోరుతూ పంపే ప్రశ్న) మూడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి, 5వ పాఠం దానితోనే మొదలవుతుంది.