వాలు బావిలో కటింగ్స్ మేట వేస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

నిలువుగా తవ్వే చమురు బావిలో రాతి ముక్క (కటింగ్) అడుగుకు చేరాలంటే వేల అడుగులు పడాలి. వాలు బావిలో నాలుగైదు అంగుళాలు పడితే చాలు, కింది గోడ తగులుతుంది. డ్రిల్ పైపు కూడా ఆ గోడ మీదే పడుకుని ఉంటుంది. మడ్ (కటింగ్స్‌ను పైకి తెచ్చే డ్రిల్లింగ్ ద్రవం) పై వైపు ఖాళీలోంచి జోరుగా పోతుంది, కింది మేట అలాగే ఉంటుంది. కింద చెప్పే ఇబ్బందులన్నిటికీ మూలం ఇదే.

షేకర్ (మడ్‌లోంచి కటింగ్స్ వడకట్టే జల్లెడ) మీద కటింగ్స్ తగ్గాయి, తవ్వే వేగం మాత్రం తగ్గలేదు

12¼ అంగుళాల బావిలో 30 మీటర్లు తవ్వితే సుమారు 2.3 ఘనపు మీటర్ల రాయి బయటికి రావాలి. రాకపోతే లోపలే ఉంది. పైపు తిప్పకుండా బిట్ దగ్గరి మోటార్‌తో స్లైడింగ్ చేస్తున్నప్పుడు ఇది మరీ ఎక్కువ. ఈ సైజులో 120 ఆర్‌పీఎం దాటించి, నిమిషానికి 800–1,100 గ్యాలన్లు పంపండి. మోటార్ బెండ్‌కు (మోటార్‌లోని వంపుకు) ఆర్‌పీఎం పరిమితి ఎంతో ముందే చూసుకోండి. పంపు అంత ఇవ్వలేకపోతే తవ్వే వేగం తగ్గించక తప్పదు.

షేకర్ మీంచి గుప్పెడు తీసి కడిగి చూడండి. అంచులు పదునుగా ఉంటే తాజావి. అరిగి గుండ్రంగా, పొడిపొడిగా ఉంటే పైపు కింద చాలాసేపు నలిగినవి. పొడుగాటి చీలికలైతే గోడ విరిగి పడుతోందేమో చూడాలి. అది మడ్ బరువుకు సంబంధించిన సంగతి, ఎంత సర్క్యులేట్ చేసినా (పంపుతో మడ్ ఎంతసేపు తిప్పినా) తీరదు.

చిక్కటి పిల్ (విడిగా కలిపి పంపే కొద్దిపాటి మడ్) పంపినా ఏమీ రాలేదు

చిక్కటి మడ్ మేట మీదుగా మెత్తగా జారిపోతుంది, దాన్ని కదిలించదు. బాగా వాలిన బావిలో ఒట్టి చిక్కదనాన్ని నమ్ముకోవడం దండగ. మామూలు మడ్ కన్నా గ్యాలన్‌కు 3–4 పౌండ్లు బరువైన పిల్ పంపి, అది పైకి వచ్చేదాకా పంపు ఆపకుండా పైపు తిప్పుతూనే ఉండండి. ఈసీడీ (పంపు నడుస్తున్నప్పుడు బావి మీద పడే ఒత్తిడిని మడ్ బరువుగా చెప్పే లెక్క) మీద కన్నేసి ఉంచండి.

కనెక్షన్ (కొత్త పైపు జోడించడం) తర్వాత పంపు ఒత్తిడి ఒక్కసారి ఎగిరింది

30 నుంచి 60 డిగ్రీల వాలులో పంపు ఆగగానే మేట కిందికి జారి బీహెచ్ఏ (బిట్, దాని పైనుండే బరువైన పరికరాలు) చుట్టూ కూరుకుంటుంది. అంతకన్నా వాలితే మేట ఉన్నచోటే ఉంటుంది. కనెక్షన్‌కు ముందు కాసేపు తిప్పుతూ సర్క్యులేట్ చేయండి. తర్వాత ముందు రొటేషన్ మొదలుపెట్టి, పంపును మెల్లగా పెంచండి.

పైపు బయటికి తీస్తుంటే పట్టేస్తోంది

ఎక్కువ బావులు చెడేది ఇక్కడే. ఇసుకలో పార లాగితే ముందు కుప్ప చేరినట్టు, బీహెచ్ఏ మేటను తోసుకుంటూ వచ్చి తన పైనే గుట్ట వేసుకుంటుంది. గట్టిగా లాగేకొద్దీ గుట్ట బిగుస్తుంది. ఓవర్‌పుల్ (మామూలుగా ఎత్తే బరువుకన్నా అదనంగా లాగే బలం) 30,000 పౌండ్ల దగ్గరికి వచ్చిందంటే ఆపండి. ఒకటి రెండు స్టాండ్లు (కలిపి బిగించిన రెండు మూడు పైపులు ఒక స్టాండ్) కిందికి దించి, పూర్తి ఆర్‌పీఎంతో అరగంట సర్క్యులేట్ చేసి మళ్లీ లాగండి. పట్టు పైకి జరిగితే అది మేటే. అదే లోతులో మళ్లీ పట్టిందా, కీసీటో (పైపు రాపిడికి గోడలో పడిన గాడి) లెడ్జో (గోడ నుంచి పొడుచుకొచ్చిన మెట్టు) అయి ఉండవచ్చు.

బ్యాక్‌రీమింగ్‌ను (పంపు నడుపుతూ, పైపు తిప్పుతూ పైకి లాగడాన్ని) అలవాటుగా చేయవద్దు. తప్పనిసరైతే తవ్వేటప్పటి పూర్తి పంపు రేటుతో, నిదానంగా చేయండి.

ఒత్తిడి, టార్క్ (పైపు తిప్పడానికి పట్టే బలం) రెండూ కలిసి పెరిగితే ప్యాక్‌ఆఫ్, అంటే పైపు చుట్టూ దారి మూసుకుపోయినట్టు. పంపును వెంటనే తగ్గించి, లోపల చిక్కుకున్న ఒత్తిడిని వదలండి. టార్క్ ఇస్తూ పైపును కిందికి దించండి, పైకి లాగవద్దు. మడ్ మళ్లీ కదలడం మొదలయ్యాకే పంపు రేటును మెట్టుమెట్టుగా పెంచాలి.

షేకర్ శుభ్రంగా ఉంది, అయినా పట్టింది

ఒక్క బాటమ్స్ అప్‌తో (అడుగునున్న మడ్ పైకి చేరేంతసేపు సర్క్యులేట్ చేయడంతో) ఆపేసి ఉంటారు. మేట గంతులేస్తూ కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి 12¼ అంగుళాల బావిలో రెండు నుంచి నాలుగు బాటమ్స్ అప్‌లు కావాలి. పైపును ఒకేచోట తిప్పితే అక్కడ గోడ కోసుకుపోతుంది, అందుకని పైకీ కిందికీ కదుపుతూ ఉండండి. ప్రతి స్టాండ్‌కూ ఎత్తే బరువు, దించే బరువు రాసిపెట్టండి. ఆ రెండింటి మధ్య తేడా అంచనా గీతను దాటి పెరుగుతుంటే, షేకర్ ఎలా కనిపించినా లోపల మేట ఉన్నట్టే లెక్క.