తెలుగు–ఒడియా కలిపి ఒక ఆల్బమ్ సాంగ్ చేయాలంటే: పర్లాకిమిడి నుంచి

ఒడిశా–ఆంధ్ర సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో నేను పాటలకు ట్రాకులు చేస్తాను. అంతకుముందు చాలా కాలం మెలోడీ ప్రోగ్రాముల్లో కీబోర్డ్ వాయించాను. స్టేజి మీద ఒక పాట తెలుగు, తర్వాతది ఒడియా, మధ్యలో హిందీ. కింద కూర్చున్న జనం మాత్రం వాళ్లే. ఆంధ్ర వైపు పాతపట్నం నుంచి వచ్చినవాళ్లు ఒడియా పాటకి లేచి ఆడతారు, ఒడిశా వైపు కాశీనగర్ నుంచి వచ్చినవాళ్లు తెలుగు పాటని వన్స్‌మోర్ అంటారు. అందుకే కుర్రాళ్లు వచ్చి "అన్నా, రెండు భాషల్లో ఒక ఆల్బమ్ సాంగ్ చేద్దాం" అంటే నాకు చాలా సంతోషం. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. రాయగడ, గుణుపురం, బరంపురం, జయపురం ఎక్కడివాళ్లకైనా పనికొస్తుంది.

అందరికీ మొదట చెప్పేది ఒకటే. తెలుగులో పల్లవి రాసి, అదే భావాన్ని ఒడియాలోకి మార్చి రెండో చరణంగా పెట్టకండి. అలా చేస్తే విన్నవాడికి పాట ముందుకు నడవదు, విన్నదే మళ్లీ వింటున్నట్టుంటుంది. మన ఊళ్లో బజారులో మాట ఎలా నడుస్తుందో గమనించండి. ఒకరు ఒడియాలో అడుగుతారు, ఇంకొకరు తెలుగులో జవాబిస్తారు, ఇద్దరూ భాష మార్చుకోరు, బేరం కుదిరిపోతుంది. పాటనీ అలాగే కట్టండి. అమ్మాయి ఒడియాలో నిలదీస్తుంది, అబ్బాయి తెలుగులో తప్పించుకుంటాడు. ఒక్క భాషే వచ్చినవాడు జవాబు విని ప్రశ్న ఏమిటో ఊహించుకుంటాడు. అక్కడే వాడు పాటలో పడిపోతాడు.

ఈ సంగతి పెద్ద ఎత్తున రుజువైన పాట 'డెస్పాసీటో'. లూయిస్ ఫాన్సీ, డాడీ యాంకీ కలిసి 2017 జనవరిలో స్పానిష్‌లో విడుదల చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో జస్టిన్ బీబర్ కలిసిన రీమిక్స్ వచ్చింది. అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో 16 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఎక్కువ భాగం స్పానిష్‌లో ఉన్న పాట అక్కడ మొదటి స్థానానికి రావడం 1996లో 'మాకరెనా' తర్వాత అదే. మనం గమనించాల్సింది ఆ రీమిక్స్ కట్టిన తీరు. బీబర్ మొదట ఇంగ్లీషులో పాడి స్పానిష్ రానివాళ్లకి తలుపు తీస్తాడు, పల్లవి దగ్గరకొచ్చేసరికి తనూ స్పానిష్‌లోనే పాడతాడు. అంటే పల్లవి జోలికి ఎవరూ పోలేదు. జనం నోట్లో ఆడే లైను ఏ భాషలో పుట్టిందో ఆ భాషలోనే ఉండాలి. మీ పల్లవి ఒడియాలో బాగా కుదిరితే తెలుగు గాయకుడు కూడా దాన్ని ఒడియాలోనే పాడాలి, నేర్చుకుని పాడాలి.

ఇప్పుడు మాటల పని. నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

తెలుగుకీ ఒడియాకీ పాట విషయంలో మంచి చుట్టరికం ఉంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. ఒడియాలో కూడా చివరి 'అ'ను హిందీలోలాగా మింగెయ్యరు, పలుకుతారు. వాక్యం చివర క్రియ రావడం రెండింట్లోనూ ఉంది. కాబట్టి లైను చివర ప్రాస కుదర్చడం సులువు. ఒడియాలో జరిగిపోయిన పని చెప్పేటప్పుడు మాట తరచు 'లా'తో ముగుస్తుంది: ఆసిలా, గొలా, హేలా. మన తెలుగులో ఇలా, ఎలా, నీలా ఉండనే ఉన్నాయి. ఒడియా లైను 'ఆసిలా' దగ్గర ఆగి, తెలుగు లైను 'నీలా' దగ్గర ఆగితే భాష మారినట్టే చెవికి తెలియదు. ఇలాంటి జతలు ముందు ఒక కాగితం నిండా రాసుకుని, తర్వాత ట్యూను దగ్గర కూర్చోండి.

తేడా ఎక్కడుందంటే, దీర్ఘాల దగ్గర. ఒడియాలో ఇ–ఈ, ఉ–ఊ రాతలో వేరైనా మాటలో ఆ తేడా దాదాపు వినపడదు. తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే అర్థమే మారిపోతుంది. 'పడుతూ' అన్న మాట మొదటి అక్షరం మీద రెండు బీట్లు నిలిపితే వినేవాళ్లకి 'పాడుతూ' అని వినిపిస్తుంది. అందుకని ట్యూనులో ఎక్కడ స్వరం నిలబడుతుందో గుర్తు పెట్టుకుని, తెలుగు లైనుకి అక్కడ పుట్టుదీర్ఘం ఉన్న మాట వేయండి. అలాంటి మాట దొరకకపోతే ఆ నిలకడ ఉన్న లైనునే ఒడియాకి ఇచ్చేయండి, గడబిడ అక్షరాలున్న వేగం లైను తెలుగు తీసుకుంటుంది.

ఉచ్చారణ సంగతి. తెలుగు గాయకుడికి ఒడియా సాహిత్యం తెలుగు లిపిలో రాసిస్తాం కదా, అక్షరానికి అక్షరం దించకండి, చెవికి వినపడినట్టు రాయండి. ఒడియా 'అ' మన 'ఒ'కి దగ్గరగా ఉంటుంది. 'మో మన' అని రాసిస్తే వాడు అలాగే పాడతాడు, అక్కడ ఒడియావాళ్లు పాట ఆపేస్తారు. 'మో మొనొ' అని రాయండి. ళ, ణ రెండు భాషల్లోనూ ఉన్నాయి కాబట్టి మన గాయకులకి అక్కడ ఇబ్బంది లేదు. ఒడియా గాయని తెలుగు పాడేటప్పుడు ఇంకో జాగ్రత్త: ద్విత్వాలు. 'అన్నం', 'చల్లగా' లాంటి చోట ఆమె తేలికగా పలికితే సంగీతం ఎంత బాగున్నా పాట పరాయిదిగా వినిపిస్తుంది. ఆ మాటలు వాయిస్ మెసేజ్‌లో మెల్లగా పలికి, తర్వాత ట్యూనులో పాడి పంపండి. రికార్డింగ్ రోజు ఒడియా మాతృభాషగా ఉన్నవాళ్లు ఒకరు, తెలుగువాళ్లు ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పక్కన కూర్చోవాలి. సంగీతం తెలియకపోయినా ఫర్వాలేదు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల నోటి మాట చెవితో విని వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. చెవిని నమ్మే పని మన ఊరికి కొత్తది కాదు.

దరువు విషయంలో ఎక్కువ చెప్పను. రెండు వైపులా ఊరేగింపులకి అలవాటైన నడక తీసుకోండి. లూపు (తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ దరువు ముక్క) డౌన్‌లోడ్ చేసి పెట్టేకన్నా మన డప్పులవాళ్లని పిలిచి రికార్డ్ చేస్తే పాటకి ఒక మొహం వస్తుంది. పాడిన, వాయించిన ఫైళ్లు 24 బిట్ వేవ్‌లో దాచుకోండి. మాస్టరింగ్‌లో, అంటే పాటకి చివరి మెరుగు పెట్టేటప్పుడు, శబ్దం మరీ నొక్కేయొద్దు. స్పాటిఫై, యూట్యూబ్ ఎలాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (వినిపించే గట్టిదనం కొలత) దగ్గరకి తగ్గిస్తాయి. గట్టిగా నొక్కిన పాట అక్కడ చప్పగా వినిపిస్తుంది.

వీడియోకి వస్తే, అందరూ విశాఖ బీచ్ అంటారు, లేదంటే గోపాల్‌పూర్. నేను వద్దనను. కానీ డెస్పాసీటో వీడియో ఎక్కడ తీశారో చూడండి. ప్యూర్టోరికోలో, శాన్ హువాన్ పాత నగరం గోడ బయట సముద్రం ఒడ్డున ఉన్న లా పెర్లా అనే బస్తీలో. ఆ ఊరి మనుషులు, ఆ సందులు. బీబర్ లేని ఆ మొదటి వీడియోనే 2017 ఆగస్టులో 300 కోట్ల వ్యూస్ దాటి, అప్పటికి యూట్యూబ్‌లో అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన వీడియో అయ్యింది. మనకేం తక్కువ? మహేంద్రతనయ ఒడ్డు ఉంది, రాయగడ దగ్గర చెకగుడలో నాగావళి మీద వేలాడే వంతెన ఉంది, బరంపురంలో పట్టు నేసే వీధులున్నాయి. షాపు బోర్డు మీద రెండు లిపులూ కనిపించే చోట ఒక్క షాట్ తీసినా చాలు, ఈ పాట ఎక్కడిదో ఎవరికీ చెప్పక్కర్లేదు.

బరంపురంలో అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పులివేషాలు చూసి "అవి పెడదాం అన్నా" అంటారు. పెట్టండి, గంజాం పులివేషం ఆటకి మించిన ఆట లేదు. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, ఆ తోక తిప్పడం కెమెరాకి పండగ. కానీ యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి వేషం కట్టిన మనిషిని హీరో వెనకాల నిలబెట్టొద్దు. ఆట కట్టే బృందాన్ని వేరే రోజు పిలిచి, డబ్బులిచ్చి, వాళ్ల పేర్లు వీడియో చివర వేసి తీయండి. ఆ యాత్రలో అమ్మవారు నేతపనివాళ్ల పెద్ద దేశిబెహెరా ఇంటికి, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులా వస్తుంది. ఆ భక్తిని పాడుచేసే హక్కు మనకి లేదు. నియమగిరి వైపు డొంగ్రియా కొంధు గిరిజనుల ఊళ్లకి కూడా ఇదే మాట. అనుమతి లేకుండా వెళ్లి అక్కడి ఆడవాళ్లని బ్యాక్‌గ్రౌండ్‌గా వాడుకోవడం తప్పు. రైల్వే స్టేషన్లో తీయాలంటే రైల్వే అనుమతి, ఫీజు తప్పవు. డ్రోను ఎగరేసే ముందు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైట్ డిజిటల్ స్కై మ్యాపులో ఆ చోటు ఏ జోన్లో ఉందో చూసుకోండి.

షూటింగ్‌లో అందరినీ టెన్షన్ పెట్టేది లిప్ సింక్. ప్లేబ్యాక్ ఫైలు ముందు నాలుగు బీపులు వేయండి, ప్రతి టేకూ వాటితోనే మొదలవ్వాలి. ఎడిటర్‌కి సగం పని తగ్గుతుంది. స్లో మోషన్‌లో పెదవులు పాటతో కలవాలంటే ఇలా చేయాలి: వీడియో 25 ఫ్రేములది అయితే ఆ షాట్‌ని 50 ఫ్రేముల్లో తీయండి, పాటని రెట్టింపు వేగంతో వినిపించండి. గాయని ఆ వేగానికే పెదవులు కదుపుతుంది. ఎడిటింగ్‌లో సగానికి తగ్గించగానే పెదవులు అసలు పాటకి సరిపోతాయి, జుట్టు, చున్నీ మాత్రం గాల్లో నిదానంగా తేలతాయి. రెట్టింపు వేగం ఫైలు ముందు రోజే ఇచ్చేస్తే ఇంట్లో అలవాటు చేసుకుంటారు. ఒడియా గాయని తెలుగు లైనుకి పెదవులు కదపాల్సి వస్తే ఇది ఇంకా ముఖ్యం. ట్యూబ్‌లైట్ల కింద తీసేటప్పుడు షటర్ సెకనులో యాభయ్యో వంతు, స్లో మోషన్‌కి వందో వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి లైటు మినుకు మినుకుమనదు.

విడుదలకి ముందు కాగితాలు. తెలుగు రాసినవాళ్లు, ఒడియా రాసినవాళ్లు, ట్యూను కట్టినవాళ్లు ఎవరి వాటా ఎంతో రాసుకుని సంతకాలు పెట్టుకోండి, స్నేహితులైనా సరే. ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ) సభ్యులైతే పాటని ఆ వాటాలతోనే నమోదు చేయించండి. 2012లో కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ రచయితకీ స్వరకర్తకీ రాయల్టీలో హక్కు కాపాడింది, పాట అమ్మేశారు కదా అని ఆ వాటా పోదు. "ఇది జానపదం, ఎవరిదీ కాదు" అని ఎవరైనా అంటే ఒకసారి ఆగండి. సంబల్‌పురి పాట 'రంగబతి'ని చాలామంది ఊరి పాటే అనుకుంటారు. దాన్ని రాసింది మిత్రభాను గౌంతియా, స్వరపరిచింది ప్రభుదత్త ప్రధాన్, పాడింది జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్. జానపదం అనుకున్నదాని వెనక ఒక మనిషి బతికే ఉండొచ్చు. వెతికి, అడిగి, అప్పుడు వాడుకోండి.

పాటని రెండు వెర్షన్లుగా, తెలుగు ఎక్కువది ఒకటి, ఒడియా ఎక్కువది ఒకటి విడివిడిగా వదులుదామని అడుగుతుంటారు. మొదట్లో వద్దు. ప్రతి రికార్డింగ్‌కి వేరే ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (రికార్డింగ్‌ని గుర్తించే నంబరు) వస్తుంది, చిన్న పాటకి ఉన్న కాస్త లెక్కా రెండు ముక్కలవుతుంది. బిల్‌బోర్డ్ 'డెస్పాసీటో'నీ దాని రీమిక్స్‌నీ ఒకే లెక్కలో కలిపింది కాబట్టి అక్కడ కుదిరింది. ఒక్కటే వదిలి, వీడియోకి తెలుగు సబ్‌టైటిల్స్, ఒడియా సబ్‌టైటిల్స్ రెండూ పెట్టండి. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్ లెక్క, పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీములు దాటని పాటకి అక్కడ డబ్బు రాదు. కాబట్టి పొడుగాటి మ్యూజిక్ పెట్టి మొదలుపెట్టకండి, ఆ 30 సెకన్లలోపే రెండు గొంతులూ, రెండు భాషలూ వినపడాలి. స్పాటిఫైవాళ్ల ప్లేలిస్టుకి పంపాలనుకుంటే విడుదలకి కనీసం వారం ముందు పంపాలి. వ్యూస్ కొనిపెడతామని ఫోన్లు వస్తాయి. ప్రకటనల ద్వారా వచ్చిన వ్యూస్‌ని యూట్యూబ్ మ్యూజిక్ చార్టుల లెక్కలోంచి 2019లోనే తీసేసింది. ఆ డబ్బు డప్పులవాళ్లకి ఇవ్వండి.

దానికన్నా మంచి ప్రచారం మన చేతిలోనే ఉంది. వీడియో వచ్చిన రోజే మైనస్ ట్రాక్ (గొంతులు లేని సంగీతం) కూడా సిద్ధం చేసుకుని, దసరా, గజలక్ష్మి పూజల సీజన్‌కి ముందు ఇక్కడి మెలోడీ పార్టీలకి, శ్రీకాకుళం వైపు ఆర్కెస్ట్రాలకి ఉచితంగా పంపండి. ఫైలు పేరులోనే స్కేలు, టెంపో రాయండి. ఆడ గొంతుకి ఒకటి, మగ గొంతుకి ఒకటి వేరే స్కేళ్లలో ఇవ్వండి. సాహిత్యం తెలుగు లిపిలో ఒక పేజీ, ఒడియా లిపిలో ఒక పేజీ, రెండింట్లోనూ పాట మొత్తం ఉండాలి.