గోపాల్‌పూర్ నుంచి అండమాన్ దాకా చిన్న తెరచాప పడవలో

ఇచ్ఛాపురం, సోంపేట, బరంపురం వైపు నుంచి ఈ ప్రయాణం తలపెట్టేవాళ్లు ముందు నెల చూసుకోవాలి. జనవరి, ఫిబ్రవరి మంచివి. ఆగ్నేయంగా పోయే పడవకు ఈశాన్యపు గాలి ఎడమ పక్క నుంచి నిలకడగా తగులుతుంది. అక్టోబరు జోలికి మాత్రం పోవద్దు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఆ నెలలోనే ఈ తీరం మీద పడ్డాయి.

పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) సుమారు 640 నాటికల్ మైళ్లు. ముప్పై అడుగుల పడవ రోజుకు 100 మైళ్లు పోతే ఆరేడు రోజులు. తెల్లారుతూనే కదలండి. ఒడ్డు దగ్గర వేసిన వలలు చీకట్లో కనబడవు, చుక్కానికి చుట్టుకుంటాయి.

ముగ్గురుంటే మూడు గంటల కాపలా, ఆరు గంటల నిద్ర. రోజుకు ఎనిమిది వంతులు వస్తాయి కాబట్టి అర్ధరాత్రి వంతు రోజూ ఒకరికే పడదు. కాపలావాడు పది నిమిషాలకోసారి చుట్టూ కలయజూడాలి. దూరాన అంచున తేలిన ఓడ పావుగంట, ఇరవై నిమిషాల్లో మీదికొచ్చేస్తుంది. పారాదీప్, విశాఖ ఓడలు ఈ నీళ్లలోనే తిరుగుతాయి. రాత్రి నడుం బెల్టు తాడు పడవకు తగిలించకుండా పైకి రావద్దు. మూత్రానికి అంచున నిలబడటం కన్నా బకెట్టు మేలు. సిగ్గుపడి సముద్రంలో పడ్డవాణ్ణి చీకట్లో వెతకలేం.

గాలి ఒత్తిడి చూపే బారోమీటరు అంకెను కాగితం మీద రాయండి. మన సముద్రంలో అది పొద్దున పదికి ఎక్కి, సాయంత్రం నాలుక్కి మూడు మిల్లీబార్ల దాకా దిగడం మామూలే. అందుకే నిన్న ఇదే గంటకు ఎంతుందో దానితో పోల్చాలి. ఐదు తగ్గితే జాగ్రత్త పడాలి.

నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్లు. ముగ్గురికి ఏడు రోజులకు 84, దానికి సగం కలిపితే 126. ఒకే ట్యాంకులో కాకుండా 20 లీటర్ల క్యాన్లు ఏడు పెట్టుకోండి. ఒకదాంట్లో ఉప్పునీరు దిగినా మిగతావి దక్కుతాయి. గిన్నెలు సముద్రపు నీళ్లతోనే కడగాలి. అన్నానికి ఐదు వంతుల మంచినీళ్లలో ఒక వంతు సముద్రపు నీరు కలిపితే వేరే ఉప్పు అక్కర్లేదు. కుక్కరు సగానికి మించి నింపొద్దు. మూత బిగుసుకుంటుంది కాబట్టి, ఊగినా ఒలకదు. మొదటి రెండు రోజులు కడుపులో తిప్పుతుంది, అప్పుడు చోడి అంబలి, అటుకులు చాలు. పులిహోర రెండో రోజుకే అయిపోవాలి. ఉద్దానం కొబ్బరికాయలు పీచు తీయకుండా వేసుకుంటే చివరిదాకా నిలుస్తాయి.

గ్యాసు గాలికన్నా బరువు. ఇంట్లోలా గుమ్మంలోంచి పోదు, పడవ అడుగున చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. వంటయ్యాక పొయ్యి దగ్గర కాదు, సిలిండరు దగ్గరే కట్టేయండి.

ఎక్కువ పడవలను ఇబ్బంది పెట్టేది తుఫాను కాదు, రాపిడి. రోజుల తరబడి గాలి ఒకే పక్క నుంచి వీస్తే తెరచాప తాడు కప్పీ దగ్గర ఒకేచోట అరుగుతుంది. రోజుకోసారి జానెడు లాగో, వదిలో ఆ చోటు మార్చండి.

అండమాన్‌లోనూ మన గడియారమే, కానీ ఆరుకల్లా చీకటి. సాయంత్రం చేరేలా ఉంటే తెరచాప తగ్గించి, తెల్లారేదాకా బయటే ఉండండి.