మట్టిమిద్దెకు నిప్పు భయమా? దూలాన్ని వదిలి దంతెల్ని చూడండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్క పల్లెల్లో పాత మట్టిమిద్దెలు బాగుచేయడం నా పని. ఇల్లు చూపించేవాళ్లు పైకి చూసి అడిగే మొదటి మాట, "మామా, ఈ కట్టెంతా పీకేసి ఇనుప గర్డర్లు వేద్దామా? అంటుకుంటే ఎట్ల?" అని. వద్దంటాను. లావు టేకు దూలం కూడా అంటుకుంటుంది, కానీ నిదానంగా కాలుతుంది. పైన కట్టే బొగ్గు పొరే లోపలి చేవకు వేడి చేరకుండా అడ్డం పడుతుంది. టేకులాంటి గట్టి కట్టె నిమిషానికి అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువగా లోపలికి కాలుతుందని లెక్క. పైన ఏ పూతా లేని ఇనుము 550-600 డిగ్రీల దగ్గర సగం బలం పోగొట్టుకుని వంగుతుంది.

కాబట్టి ముందు టేపు పట్టండి. 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు (సుమారు 200 x 250 మిల్లీమీటర్లు) ఉన్న దూలం మూడు వైపులా గంటసేపు కాలిందనుకోండి. ఒక్కో వైపు సుమారు 33 మిల్లీమీటర్లు బొగ్గవుతుంది. వేడికి సత్తువ పోయిందని ఇంకో 7 తీసేయండి. అయినా 120 x 210 మిల్లీమీటర్ల కట్టె మిగులుతుంది. ఇదే లెక్క దూలాల మీద అడ్డంగా పరిచి మట్టిని మోయించే సన్న కట్టెకు, అంటే 2 x 3 అంగుళాల దంతెకు వేస్తే అరగంటకే దాని పని అయిపోతుంది. దంతె విరిగితే మీద పడేది మట్టి. అడుగు మందం మట్టి చదరపు అడుక్కి సుమారు 45 కిలోలు తూగుతుంది. మనోళ్లు వానలకు ముందు కొత్త చౌడు మట్టి పోస్తారు గానీ పాతది తీయరు, మిద్దె ఏటా లావెక్కుతూనే ఉంటుంది. గర్డర్లకు పెట్టే డబ్బుతో ఆ పాత చౌడు తీయించి, సన్న దంతెలు మార్చి లావువి వేయించండి.

చెదలు తిన్న దూలానికి, గోడలోకి దిగిన కొన పుచ్చిన దూలానికి ఈ లెక్కలు పనికిరావు. సుత్తితో తట్టండి. బోలుగా పలికిన చోట ఉలి గుచ్చి చూడండి.

నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది ఫాల్స్ సీలింగ్. మట్టి రాలుతోందని దూలాల కింద థర్మోకోలో, పీవీసీ షీట్లో కొట్టిస్తారు. అమెరికాలో లావు కట్టె భవనాల పాత నిబంధనల్లో కంటికి కనబడని ఖాళీ చోట్లు ఉండకూడదని ఉండేది. దూలం బయటికి కనిపిస్తుంటే నిప్పూ కనిపిస్తుంది, నీళ్లూ తగులుతాయి. సీలింగ్ వెనక అయితే గది గదికీ పాకినాక గానీ మనకు తెలీదు. థర్మోకోల్ కరిగి మండుతూ కారుతుంది, పీవీసీ పొగ గొంతు పట్టేస్తుంది. మట్టి రాలకుండా ఉండాలంటే దంతెలు లావువి వేయించినాక వాటి మీద కడప బండ పరిపించి, పైన పల్చగా చౌడు పోయించండి. ఏసీ చల్లదనం పోతుందని గవాచి (మిద్దెలో పొగ, వెలుతురు కోసం వదిలే కంత) మూసేసినవాళ్లు కూడా తెరిపించుకోండి, పొగ పోయే దారి అదొక్కటే.

ఆ సీలింగ్ విప్పిస్తే చాలా ఇళ్లలో దూలం మీదుగా పోయిన పాత చెక్కపట్టీ వైరింగ్ బయటపడుతుంది. టేపు చుట్టిన అతుకులు, వాటి మీద ఎలుకల గూడు. అతికించే పని పెట్టుకోకుండా మొత్తం పీకించండి. కొత్త వైరు గోడ మీద పైపులో రావాలి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకు 4 స్క్వేర్ ఎం.ఎం. వేయించి, బోర్డులో లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీలతోపాటు, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. గ్యాస్ బండ తలుపు పక్కన నేలమీదే, గాలి ఆడే చోట ఉండాలి. ఆ గ్యాస్ గాలికంటే బరువు, కారితే నేలబారున పాకుతుంది.

స్తంభాలకు అవిసె నూనె పట్టిస్తే ఆ గుడ్డలు మూలకు కుప్పేయొద్దు. నిప్పు తగలకపోయినా వాటంతట అవే వేడెక్కి రాజుకుంటాయి. విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచండి. మా పనివాళ్లకు సాయంత్రం కూలి డబ్బులు చేతికిచ్చేది ఆ బకెట్ చూసినాకే.

నిజంగానే అంటుకుంటే అందరూ బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి, పైన మట్టి ఉందని ముందే చెప్పండి. ఆరినాక కూడా దంతెల పైన, మట్టి కింద నిప్పు రవ్వలు గంటల తరబడి ఉంటాయి, ఫైరువాళ్లు చెప్పేదాకా లోపలికి పోవద్దు. తర్వాత బాడిసతో బొగ్గు చెక్కి చూస్తే, నలుపు కింద పల్చగా ముదురు గోధుమరంగు పట్టీ, దాని కింద మామూలు టేకు రంగు కనిపిస్తాయి. ఆ టేకు రంగు నుంచి ఎంత కట్టె ఉందో కొలిచి రాసుకుని ఇంజనీరుకు చూపించండి. ఆయన సరే అనేదాకా ప్రతి దూలం కింద సర్వి కట్టెలు ఆపు పెట్టించండి.